తెరచాటు సంగతులు: మ్యాగజైను తీస్తే పిస్తోలు ఖాళీ అయినట్టేనా?

విలన్ గారి డెన్. చుట్టూ రంగురంగుల లైట్లు. హీరో గుండెకి గురిపెట్టి విలన్ చేతిలో పిస్తోలు. "నీ చివరి కోరిక ఏమిటో చెప్పు" అంటాడు విలన్. హీరో తాపీగా నవ్వి, జేబులోంచి ఆ పిస్తోలు తాలూకు మ్యాగజైను తీసి చూపిస్తాడు. "నీ తూటాలన్నీ నా జేబులో వున్నాయిరా!" అంటాడు. విలన్ మొహం మాడిపోతుంది. హాలంతా ఈలలు, చప్పట్లు!

ఈ సీను మీరు ఎన్ని సినిమాల్లో చూశారో వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి. తెలుగు, హిందీ, ఇంగ్లీషు... భాష మారినా సీను మారదు. కానీ ఆ విలన్‌కి తన చేతిలో వున్న వస్తువు సంగతి నిజంగా తెలిసివుంటే ఏం చేసేవాడో తెలుసా? వాడూ ఓ నవ్వు నవ్వి ట్రిగ్గర్ నొక్కేవాడు. ఢాం! ఇంటర్వెల్‌కి ముందే శుభం కార్డు పడేది.

మ్యాగజైను హీరో జేబులో వుంటే తూటా ఎక్కణ్ణుంచి వచ్చింది అంటారా? అదే ఈ వారం మన తెరచాటు సంగతి. సరదాగా మొదలుపెట్టినా ఇది సరదా సంగతి కాదు సుమండీ. ఈ ఒక్క ముక్క తెలియకపోవడం వల్ల తెర మీద కాదు, తెర వెనుక నిజంగా ప్రాణాలు పోయే ప్రమాదం వుంది.

రివాల్వర్ వేరు, పిస్తోలు వేరు

మన సినిమాల్లో రెండిటినీ ఒకే గాటన కట్టేస్తారు గానీ, రెండూ వేరు వేరు జాతులు. కౌబాయ్ సినిమాల్లో నడుముకి వేలాడేది రివాల్వర్. మధ్యలో గుండ్రంగా తిరిగే డ్రమ్ము, అందులో సాధారణంగా ఆరు గదులు. మన కృష్ణ 1971లో వచ్చిన 'మోసగాళ్ళకు మోసగాడు'లో గుర్రమెక్కి తిప్పిన జాతి అదే. డ్రమ్ము పక్కకి తీసి చూస్తే ఎన్ని తూటాలున్నాయో చంటిపిల్లాడు కూడా లెక్కపెట్టగలడు.

సెమీ ఆటోమేటిక్ పిస్తోలు అలా కాదు. తూటాలు పిడిలో దూర్చే మ్యాగజైనులో ఒకదాని మీద ఒకటి పేర్చి వుంటాయి. పైన జారే ఉక్కు తొడుగుని స్లయిడు అంటారు. మొదటిసారి స్లయిడుని చేత్తో వెనక్కి లాగి వదిలితే, అది ముందుకి వస్తూ వస్తూ మ్యాగజైనులోంచి ఒక తూటాని తోసుకొచ్చి, గొట్టం వెనక చివరన వున్న తూటా గదిలో కూర్చోబెడుతుంది. ట్రిగ్గర్ నొక్కితే ఆ తూటా పేలుతుంది. ఆ పేలుడు బలానికే స్లయిడు వెనక్కి తన్నుకుపోయి, ఖాళీ తొడుగుని బయటికి విసిరేసి, స్ప్రింగు తోస్తే మళ్ళీ ముందుకొచ్చి, ఇంకో తూటాని గదిలో పెడుతుంది. ఇదంతా రెప్పపాటులో! ఒక్కో నొక్కుకి ఒక్కో తూటా. అందుకే సగం ఆటోమేటిక్ అన్నారు.

ఇప్పుడు ఆలోచించండి. స్లయిడు ఒక్కసారి ఆడిందంటే గదిలో ఒక తూటా కాపురం పెట్టినట్టే. ఆ తర్వాత మీరు మ్యాగజైను పీకి జేబులో వేసుకున్నా, అటక మీద పెట్టినా, గదిలో వున్నది గదిలోనే వుంటుంది. మ్యాగజైను లేకపోతే పేలకుండా ఆపే ఏర్పాటు 1935 నాటి బ్రౌనింగ్ హై పవర్ లాంటి కొన్ని పిస్తోళ్ళకి వుంది. చాలా పాత పిస్తోళ్ళకి అది లేదు. అందుకని పిస్తోలు తెలిసినవాళ్ళు మ్యాగజైను తీసి ఊరుకోరు. ముందు మ్యాగజైను, ఆ తర్వాత స్లయిడు వెనక్కి, ఆ తర్వాత గదిలోకి కళ్ళతో చూడటం, చీకట్లో అయితే చిటికెన వేలితో తడిమి చూడటం. ఆ వరస తారుమారు చేశారో, అసలుకే మోసం! ముందు స్లయిడు లాగి తర్వాత మ్యాగజైను తీస్తే, తీసిన తూటా స్థానంలో ఇంకో తూటా వచ్చి కూర్చుంటుంది.

బాండ్ గారి పిస్తోలు కథ

పాత పిస్తోళ్ళలో మన కుర్రకారుకి బాగా తెలిసింది జేమ్స్ బాండ్ వాల్తర్. దీని వెనక ఓ చిన్న కథ వుంది. ఇయాన్ ఫ్లెమింగ్ మొదటి నవలల్లో బాండ్ చేతికి బుల్లి బెరెట్టా ఇచ్చాడు. 1956లో జెఫ్రీ బూత్‌రాయిడ్ అనే తుపాకుల నిపుణుడు ఆయనకి ఉత్తరం రాశాడు. "మీ వాడి చేతిలో వున్నది ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగులోకి పనికొచ్చే పిస్తోలండీ" అన్న ధోరణిలో! ఫ్లెమింగ్‌కి కోపం రాలేదు. 1958లో వచ్చిన 'డాక్టర్ నో' నవలలో బాండ్ పిస్తోలు మార్చేసి వాల్తర్ పీపీకే ఇప్పించాడు. ఇచ్చే ఆయుధ నిపుణుడి పాత్రకి మేజర్ బూత్‌రాయిడ్ అని పేరు పెట్టి రుణం తీర్చుకున్నాడు. ఒక పాఠకుడి ఉత్తరానికి ఇంత విలువ!

1962లో అదే సినిమాగా వచ్చింది. ఇక్కడ ఇంకో తమాషా. షాన్ కానరీ చేతికి మాటల్లో ఇచ్చింది పీపీకే, తెర మీద కనబడింది దానికన్నా కాస్త పొడుగైన అన్నగారు వాల్తర్ పీపీ! ఆ తర్వాత 'ఫ్రం రష్యా విత్ లవ్' పోస్టరు ఫోటోలు తీసే రోజున అసలు పిస్తోలు తేవడమే మర్చిపోయారు. ఫోటోగ్రాఫర్ డేవిడ్ హర్న్ దగ్గర వాల్తర్ కంపెనీదే గాలి పిస్తోలు ఒకటుంది. దాన్నే కానరీ చేతికిచ్చి ఫోటోలు లాగించారు. ప్రపంచమంతా చూసి మురిసిన ఆ పోస్టరు మీద బాండ్ పట్టుకున్నది గురి నేర్చుకునే గాలి పిస్తోలన్నమాట!

సరే, అసలు వాల్తర్ సంగతికి వద్దాం. పీపీ 1929లో జర్మనీలో పుట్టింది. ఆ వెంటనే చిన్నతమ్ముడు పీపీకే వచ్చాడు. 7.65 మి.మీ. పీపీకే మ్యాగజైనులో 7 తూటాలు పడతాయి. గదిలో ఒకటి వుంటే మొత్తం 8. ఈ 'ప్లస్ వన్' లెక్క మర్చిపోయినవాళ్ళే ప్రమాదాల్లో చిక్కుకునేది.

వాల్తర్ వాళ్ళు ఆ రోజుల్లోనే ఈ ప్రమాదం ఊహించారు. గదిలో తూటా వుంటే వెనక హేమర్ పైన చిన్న పిన్ను ఒకటి బయటికి పొడుచుకొస్తుంది. చీకట్లో బొటనవేలితో తడిమినా తెలుస్తుంది. సేఫ్టీ మీట పైకి వుండి ఎర్రచుక్క కనబడితే కాల్పుకి సిద్ధం అని గుర్తు. మీట కిందికి తిప్పితే హేమర్ దానంతట అది పడిపోతుంది, కానీ పేలకుండా లోపల అడ్డు వుంటుంది.

ఎంత తెలివైన ఏర్పాటో చూశారా! కానీ అది కొత్తలో. తొంభై ఏళ్ళు దాటిన యంత్రాన్ని ఎంతవరకు నమ్ముతాం? మురికి పట్టి పిన్ను లోపలే ఇరుక్కుపోవచ్చు. మీట అంచు అరిగిపోవచ్చు. అందుకే పిన్ను చెప్పింది విన్నా సరే, గదిలోకి చూడాల్సిందే. సేఫ్టీ పనిచేస్తోందా లేదా అని తూటా వుండగా పరీక్షించడం మాత్రం ఎప్పుడూ కూడదు.

మ్యాగజైనే ఊడిరాని మౌజర్

'స్టార్ వార్స్' చూశారుగా? 1977లో హారిసన్ ఫోర్డ్ హాన్ సోలోగా చేతబట్టిన ఆ వింత ఆయుధం ఏ గ్రహం నుంచీ దిగలేదు. 1896 నాటి జర్మన్ మౌజర్ సీ-96 పిస్తోలుకి దుర్భిణి, ఇంకా ఏవేవో ముక్కలు తగిలించి తయారుచేశారు. ఆ చిత్రానికి వాడిన ఒక ఆయుధం 2022 ఆగస్టులో అమెరికాలో వేలానికి వస్తే 10,57,500 డాలర్లు పలికింది! యువకుడిగా విన్‌స్టన్ చర్చిల్ 1898లో సూడాన్‌లోని ఓందుర్మాన్ యుద్ధంలో నడుముకి కట్టుకున్నది కూడా ఈ మౌజరే.

ఈ మౌజర్ లోపలి భాగాలు ఒకదానిలో ఒకటి తాళం పడ్డట్టు అమరుతాయి. దాని మొత్తానికి మరలు కనబడేది పిడి చెక్కల దగ్గర మాత్రమే. ఇంజనీరింగు అద్భుతం అంటారు! అయితే మ్యాగజైను పిడిలో కాదు, ట్రిగ్గర్‌కి ముందు వుంటుంది. మామూలు రకాల్లో అది ఊడి రాదు. పది తూటాలూ పైనుంచి పట్టీతో దింపాలి. 'మ్యాగజైను తీసి చూపించే' మన హీరో ఈ పిస్తోలు ముందు ఏం చేస్తాడో పాపం!

ఈ పిస్తోలు నేర్పే ఇంకో పాఠం తూటా కొలత గురించి. మౌజర్ అసలు కొలత 7.63 మి.మీ. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం 9 మి.మీ. తూటా కాల్చే మౌజర్లు చేయించుకుంది. రెండూ ఒకేలా వుంటే సిపాయి తికమక పడతాడు కదా? అందుకని పిడి చెక్క మీద పెద్ద '9' అంకె చెక్కి ఎర్ర రంగు నింపారు. వాటికి 'రెడ్ నైన్' అనే పేరు స్థిరపడిపోయింది. పాత పిస్తోలు విషయంలో ఈ తికమక ఇప్పటికీ వుంది. రష్యా వారి టొకరేవ్ తూటా చూడటానికి మౌజర్ తూటాకి కవల లాగే వుంటుంది, కానీ దానిలో మందు బలం ఎక్కువ. ముసలి మౌజర్‌లో అది పెడితే ఉక్కు తట్టుకోలేకపోవచ్చు. గదిలో పట్టినంత మాత్రాన అది దాని తూటా అయిపోదు!

ముసలి పిస్తోలుకి తలంటు

పాత పిస్తోలు బతికి బట్టకట్టేది శుభ్రత వల్ల. విదేశాల్లో సేకరణదారులు, మ్యూజియంవాళ్ళు, సినిమా కంపెనీలకి ఆయుధాలు అద్దెకిచ్చేవాళ్ళు దీన్ని పూజలా చేస్తారు. ఎలా చేస్తారో చూడండి.

మొదట తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తలుపు వేస్తారు. శుభ్రం చేసే బల్ల మీద తూటా అనేది వుండకూడదు. తర్వాత ఇందాక చెప్పిన వరస. మ్యాగజైను, స్లయిడు, కళ్ళు, వేలు. గొట్టం ఎప్పుడూ మనిషి లేని దిక్కుకే వుండాలి. ఆ తర్వాతే విప్పడం, అది కూడా ఆ మోడలు పుస్తకం ఎదురుగా పెట్టుకుని. బలవంతం పనికిరాదు. పాత ఉక్కు వంగదు, విరుగుతుంది. జర్మన్ లూగర్ విషయంలో ఇంకా జాగ్రత్త. గదిలో తూటా వుంటే, పైభాగం విప్పి చేతిలోకి తీసుకున్నాక కూడా పక్కనున్న కడ్డీ ఒత్తుకుంటే అది పేలగలదు!

గొట్టంలో బ్రష్షు వీలైనంతవరకు వెనకనుంచి, అంటే గది వైపు నుంచి దూర్చాలి. ముందునుంచి దూర్చితే గొట్టం మూతి అంచు అరుగుతుంది. గురి అంతా ఆ అంచు మీదే ఆధారపడి వుంటుంది. మందు మసి వదిలాక పొడిగుడ్డ, తర్వాత పల్చగా నూనె. పల్చగా అంటే పల్చగానే! తలంటుకి పోసినట్టు పోస్తే దుమ్ము పట్టి జిగురవుతుంది. ఆ నూనె తూటాల్లోకి దిగితే మందు చెడుతుంది.

పాత సైనిక తూటాలతో ఇంకో తంటా వుంది. ఆ కాలపు తూటాల అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు మందు కాలాక గొట్టంలో ఉప్పు మిగిలిపోతుంది. ఉప్పు నూనెలో కరగదు. నూనె పూసి లోపల పెట్టేస్తే ఆ ఉప్పు తేమని లాగి, నాలుగు రోజుల్లో తుప్పు పట్టిస్తుంది. ఉప్పు కరగాలంటే నీళ్ళే కావాలి. అందుకే తెలిసినవాళ్ళు ముందు వేణ్ణీళ్ళతో కడిగి, బాగా ఆరబెట్టి, అప్పుడు నూనె రాస్తారు. తుపాకిని నీళ్ళతో కడగడమా అని ముక్కున వేలేసుకోకండి, మందు అదే!

ఇక దాచడం. తోలు ఒర చూడటానికి దర్జాగా వుంటుంది గానీ అందులో నెలల తరబడి పిస్తోలు దాచకూడదు. తోలు తేమని పట్టి వుంచుతుంది, దాన్ని పదును చేసిన రసాయనాలు ఉక్కుని తింటాయి. విశాఖపట్నం, మద్రాసు లాంటి సముద్రపు ఊళ్ళలో అయితే వేలిముద్ర చెమట చాలు తుప్పు మచ్చ పడటానికి. ముట్టుకున్న ప్రతిసారీ తుడవాల్సిందే.

స్ప్రింగులు అరిగే సరుకు. స్లయిడుని తోసే స్ప్రింగు నీరసించిందంటే ఉక్కు ఉక్కుని గుద్దుకుని పగుళ్ళు వస్తాయి. అందుకని కాల్చే పిస్తోలుకి సరైన కొత్త స్ప్రింగు వేసి, పాతది చీటీ రాసి భద్రంగా దాస్తారు. ఖాళీ పిస్తోలు ట్రిగ్గర్‌ని టిక్ టిక్ అని సరదాకి నొక్కడం కూడా పాత ఫైరింగ్ పిన్నుకి చేటు.

అన్నిటికన్నా పెద్ద తప్పు మెరుగు పెట్టడం. గరుకు కాగితంతో రుద్ది, కొత్త రంగు వేయించి "చూశారా, ఎలా తళతళలాడుతోందో!" అనేవాళ్ళున్నారు. ఆ మెరుపుతో చరిత్ర కాస్తా పోతుంది. అలహాబాద్ మ్యూజియంలో చంద్రశేఖర్ ఆజాద్ పిస్తోలు వుంది. 1931 ఫిబ్రవరి 27న ఆల్ఫ్రెడ్ పార్కులో ఆయన చివరి తూటా దాకా పోరాడింది ఆ .32 కోల్ట్‌తోనే. దాని మీద వున్న గీతల్ని గరుకు కాగితంతో చెరిపేస్తే ఊరుకుంటామా? పాత పిస్తోలుని శుభ్రం చెయ్యాలి గానీ పడుచు చెయ్యకూడదు!

ఉత్తుత్తి తూటా ఉత్తిది కాదు

ఇక షూటింగు సంగతి. సినిమాల్లో వాడే 'బ్లాంకు'లో ముందు గుండు వుండదు, మందు మాత్రం వుంటుంది. మంట, మోత, పొగ అన్నీ నిజమే. కానీ సెమీ ఆటోమేటిక్ పిస్తోలుకి దీంతో పెద్ద చిక్కు. ముందు గుండు అడ్డం లేకపోతే గ్యాసు హాయిగా బయటికి పోతుంది, స్లయిడుని వెనక్కి తోసే బలం చాలదు. ఒక్కసారి పేలి మొరాయిస్తుంది. అందుకని సినిమా పిస్తోలు గొట్టాన్ని లోపల ఇరుకు చేసి మారుస్తారు. ఆ తర్వాత అది అసలు తూటాకి పనికిరాదు, పొరపాటున పెడితే చేతిలోనే పగలగలదు. ఒక పాత పిస్తోలుని ఇలా మార్చడమంటే దాని పాత జన్మ ముగిసినట్టే.

హాలీవుడ్‌లో .45 కోల్ట్ పిస్తోలు బ్లాంకులతో చాలాకాలం ఏడిపించింది. అందుకే 1969లో శామ్ పెకిన్‌పా తీసిన 'ది వైల్డ్ బంచ్'లో కోల్ట్ అని మనం మురిసిపోయే పిస్తోళ్ళు నిజానికి స్పెయిన్‌లో తయారైన స్టార్ మోడల్ బి పిస్తోళ్ళు! హీరోకి డూపు వున్నట్టే పిస్తోలుకీ డూపు.

కానీ బ్లాంకు అంటే ఆటబొమ్మ అనుకున్నవాళ్ళ కథలు విషాదంగా ముగిశాయి. 1984 అక్టోబరు 12న జాన్-ఎరిక్ హెక్సమ్ అనే అమెరికన్ యువనటుడు, 'కవర్ అప్' అనే టీవీ సీరియల్ సెట్ మీద, బ్లాంకులున్న రివాల్వర్ కణతకి ఆనించుకుని సరదాకి నొక్కాడు. గుండు లేకపోయినా ఆ పేలుడు దెబ్బకే పుర్రె చిట్లింది. ఆరు రోజుల తర్వాత కన్నుమూశాడు. వయసు 26.

1993 మార్చి 31న బ్రూస్‌లీ కొడుకు బ్రాండన్ లీ 'ది క్రో' షూటింగులో ప్రాణాలు కోల్పోయాడు. అంతకుముందు ఓ షాటు కోసం మందు తీసేసిన బొమ్మ తూటాలు పెట్టారు. వాటిలో ప్రైమరు మాత్రం మిగిలిపోయింది. ఆ చిన్న బలానికి ఓ గుండు కదిలి గొట్టంలో ఇరుక్కుంది. తర్వాతి షాటులో వెనక బ్లాంకు పెట్టి కాల్చారు. బ్లాంకు మందు ఆ ఇరుక్కున్న గుండుని అసలు తూటాలాగే బయటికి తన్నింది. డ్రమ్ము తెరిచి వెనకనుంచి గొట్టంలోకి లైటు వేసి చూసివుంటే 28 ఏళ్ళ ఆ కుర్రాడు బతికేవాడు.

2021 అక్టోబరు 21న న్యూమెక్సికోలో 'రస్ట్' సెట్ మీద "కోల్డ్ గన్", అంటే ప్రమాదం లేని తుపాకి అని కేకవేసి నటుడు అలెక్ బాల్డ్విన్ చేతికి రివాల్వర్ ఇచ్చారు. అందులో అసలు తూటా వుంది. ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ చనిపోయింది, దర్శకుడు జోయెల్ సౌజాకి గాయమైంది. ఆయుధాల బాధ్యురాలికి 2024లో 18 నెలల శిక్ష పడింది. బాల్డ్విన్ మీద కేసు అదే ఏడాది జూలైలో కొట్టేశారు. ఆ దుర్ఘటన జరిగిన కొద్ది రోజులకే డ్వేన్ జాన్సన్ తన కంపెనీ చిత్రాల్లో ఇకనుంచి రబ్బరు తుపాకులే వాడతామని ప్రకటించాడు. మంట, పొగ కంప్యూటరు చూసుకుంటుంది.

ఈ మూడు చోట్లా వున్నవి రివాల్వర్లు. డ్రమ్ము తెరిస్తే కంటికి కనబడే రివాల్వర్‌తోనే ఇన్ని అనర్థాలు జరిగితే, గదిలో తూటా దాచుకునే పిస్తోలుతో ఎంత ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలో మీరే చెప్పండి! బ్రాండన్ లీ కథలోంచి పిస్తోలు కాల్చేవాళ్ళు నేర్చుకునే పాఠం ఇది. ఢాం అనాల్సినచోట తుస్ అని నీరసంగా మోగితే అక్కడితో ఆగిపోవాలి, గుండు గొట్టంలో వుండిపోయిందేమో చూడాలి. అసలు మోగకపోతే గురి మార్చకుండా కనీసం అర నిమిషం అలాగే పట్టుకోవాలి. పాత మందు ఆలస్యంగా అంటుకోవచ్చు.

తాతగారి ట్రంకుపెట్టెలో...

"ఇవన్నీ మాకెందుకండీ, మా దగ్గర పిస్తోలు ఎక్కడిది?" అంటారేమో. మిలటరీలో చేసిన తాతగారి ట్రంకుపెట్టెలో, పాత బంగళా అటక మీద ఎప్పుడో మూటగట్టిన పిస్తోలు బయటపడటం వింతేమీ కాదు. అప్పుడు మీరు చెయ్యాల్సింది హీరో ఫోజు కాదు. ముట్టుకోకండి. పిల్లల్ని గదిలోంచి పంపెయ్యండి. తలుపు వేసి పెద్దవాళ్ళకి చెప్పండి, పోలీసు స్టేషనుకి కబురు చెయ్యండి. స్లయిడు లాగి చూద్దామని సరదా పడొద్దు. తుప్పు పట్టిన పిస్తోలు ఏం చేస్తుందో దానికే తెలియదు.

చట్టం కూడా స్పష్టంగానే వుంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే పిస్తోలు వుంచుకోకూడదు. లైసెన్సుదారు పోయినా, లైసెన్సు గడువు తీరినా ఆయుధాన్ని దగ్గరి పోలీసు స్టేషనులో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పగించాలి. వారసులకి కావాలంటే లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. "మా తాతది, జ్ఞాపకంగా వుంచుకున్నాం" అంటే చెల్లదు. 9 మి.మీ. పిస్తోలు అయితే నిషిద్ధ ఆయుధాల లెక్కలోకి వస్తుంది. అలాంటి పిస్తోలు ఒకటి, దానితోపాటు ఏకే-56 రైఫిలు దగ్గర పెట్టుకున్న నేరానికే హిందీ హీరో సంజయ్ దత్‌కి 2013లో సుప్రీంకోర్టు అయిదేళ్ళ శిక్ష ఖాయం చేసింది. హీరో అయినా జైలు జైలే!

మీ సందేహాలు... మా సమాధానాలు

ప్ర: కాల్చాక హీరో గొట్టం మూతి దగ్గర పొగని 'ఉఫ్' అని ఊదుతాడు. చెయ్యొచ్చా?
జ: స్లయిడు అప్పటికే ఇంకో తూటాని గదిలో పెట్టేసింది. గొట్టం హీరో పెదవుల ముందుంది. ఇంకేం చెప్పమంటారు?

ప్ర: పోస్టర్ల మీద హీరోలంతా ట్రిగ్గర్ మీద వేలు పెట్టే నిలబడతారెందుకు?
జ: ఫోటో బాగుంటుందని. తెలిసినవాడి వేలు మాత్రం కాల్చాలని నిర్ణయించుకునే దాకా పక్కకి చాపి వుంటుంది. ఈసారి పోస్టరు చూసినప్పుడు హీరో మొహం కాదు, వేలు చూడండి. ఎవరు శిక్షణ పొందారో తెలిసిపోతుంది.

ప్ర: పిస్తోలు కింద పడితే పేలుతుందా?
జ: గదిలో తూటా వుంటే కొన్ని పాత రకాలకి ఆ ప్రమాదం వుంది. అందుకే తెలిసినవాళ్ళు పాత పిస్తోలు గదిలో తూటా వుంచరు.

ప్ర: సైలెన్సర్ పెడితే పిల్లి తుమ్మినంత చప్పుడే వస్తుందా?
జ: అది సౌండు ఇంజనీరు గారి చలవ. మోత తగ్గుతుంది గానీ మాయమైపోదు.

ప్ర: ఖాళీ అని నమ్మకమైన స్నేహితుడు చెప్పి ఇస్తే?
జ: స్నేహితుణ్ణి నమ్మండి, పిస్తోలుని నమ్మకండి. ఆయన చూసి ఇచ్చినా మీరు మళ్ళీ చూడాలి. అది అవమానం కాదు, మర్యాద. నిజమైన నిపుణులు ఒకరికొకరు ఇచ్చుకునేటప్పుడు గది తెరిచి చూపించే ఇస్తారు. 'రస్ట్' సెట్ మీద ఒక కేకని నమ్మారు. ఒక ప్రాణం పోయింది.

అమెరికాలో జెఫ్ కూపర్ అనే శిక్షకుడు ప్రచారం చేసిన సూత్రాలు నాలుగే. ప్రతి తుపాకీలోనూ తూటా వున్నట్టే అనుకో. నాశనం చెయ్యదలుచుకోని దేని వైపూ గొట్టం తిప్పకు. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు వెయ్యకు. గురి ఏమిటో, దాని వెనక ఏముందో తెలుసుకో. ఈ నాలుగూ మన సినిమా హీరోలు ఒక్క రీలులో ఎన్నిసార్లు తప్పుతారో ఈ ఆదివారం లెక్కపెట్టి చూడండి. మంచి కాలక్షేపం!

మీలో కొందరు రేపు అసిస్టెంట్ డైరెక్టర్లుగానో, జూనియర్ ఆర్టిస్టులుగానో స్టూడియో గేటు దాటతారు. ఎవరో ఓ పిస్తోలు చేతిలో పెట్టి "ఉత్తిదేలే, కానియ్" అంటారు. అప్పుడు సిగ్గుపడకుండా "ఒక్కసారి తెరిచి చూపించండి సార్" అని అడగండి. షాటు ఓ నిమిషం ఆలస్యమైతే ప్రొడ్యూసరు గారు విసుక్కోవచ్చు. విసుక్కోనివ్వండి. రీటేకు షాటుకే గానీ ప్రాణానికి లేదు!

వచ్చేవారం: హీరో దూసుకుపోయే అద్దాల తలుపులు పగిలినా ఒంటి మీద ఒక్క గీత పడదు. ఆ అద్దాల గుట్టేమిటో చూద్దాం. అందాకా సెలవు.